నేను లేనప్పటి పాట

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెతను నా జీవితంలో ఎంతమంది మీద వాడానో చెప్పలేను. మిల్లులో హమాలీల మీద, ఇంట్లో పిల్ల మీద, ఆఖరికి మా సేటు మీద కూడా, ఆయన లేనప్పుడు. అరవై మూడో ఏట ఆ సామెత నా ఇంటికే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా నా మీద వాడినా నాకు వినబడదు, అదొక్కటే సుఖం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేశాను. వడ్లు ఎలివేటర్ ఎక్కింది మొదలు బియ్యం బస్తాలో పడేదాకా నడిచే మిషన్లన్నీ నా చేతి కింద ఉండేవి. చేతి కింద అనడం కంటే చెవి కింద అనాలి. బేరింగు పాడయ్యే ముందు వారం పది రోజులు సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు మిల్లు మోతలో మామూలు మనిషికి అందదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను బేరింగు మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కిపట్టి, కళ్లు మూసుకుని వినాలి. అట్లా విని, ఇది రేపటిదాకా ఆగుతుంది, ఇది ఆగదు అని చెప్పేవాణ్ణి. బయట నుంచి ఎంత పెద్ద మెకానిక్ వచ్చినా మా సేటు, "ముందుగాల మనోణ్ణి ఇననియ్యుండ్రి" అనేవాడు. ఆ మాటకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. చెవుల్లో దూది పెట్టుకోమని ఎవరో చెబితే, దూది పెట్టుకున్నవాడు ఆపరేటర్ ఎట్లా అవుతాడని నవ్వాను.

ఆ చెవులతోనే ఇంటికి వచ్చేవాణ్ణి. మిల్లు వెనక రేకుల ఇండ్ల వరుసలో చివరిది మాది. గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఇల్లు. కానీ మోత నాతోపాటే నడిచి వచ్చి, నాతోపాటే అన్నానికి కూర్చునేది. గిన్నె మీద గిన్నె పెట్టినా నాకు ఒళ్లు మండేది. పెళ్లికి ఎవరో ఇచ్చిన రేడియోను బావమరిదికి ఇచ్చేశాను. మా అమ్మాయి నా ముందు వాళ్లమ్మతో సైగలతో మాట్లాడేది. పిల్ల ఎంత పద్ధతిగా పెరుగుతున్నదో అనుకునేవాణ్ణి.

మా ఆవిడది చివ్వెంల పక్క ఊరు, గొర్లు కాసే కుటుంబం. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చి నడుం వాల్చాను. ఆమె అంట్లు తోముతూ ఏదో పాడుతున్నది. "పొద్దంత మిషన్ సప్పుడు, ఇంటికొస్తే నీ సప్పుడు. జర నోరు మూస్తవా" అన్నాను. ఆమె మూసింది. అలిగింది లేదు, ఏడ్చింది లేదు. ఆ తర్వాత ఆమె పాడగా నేను ఎన్నడూ వినలేదు. మా ఆవిడకు పాటలూ గీటలూ పట్టవు, మహా నెమ్మదస్తురాలు అని నలుగురిలో మెచ్చుకోలుగా చెప్పుకునేవాణ్ణి.

పని మానేశాక సూర్యాపేటకు వచ్చి చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆమె పుట్టినూరికి దగ్గర, కోదాడలో ఉన్న మా అమ్మాయికి దగ్గర. మిల్లు మోత లేదు కదా, ఇక హాయిగా ఉంటుందనుకున్నాను. మోత పోలేదు. తల లోపల అది ఒక్కతే నడుస్తున్నది, బయటి చప్పుళ్లు మాత్రం ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ముందు కుడి చెవి పోయింది, అటువైపే ముప్పై ఏళ్లు వడ్ల పొట్టు తీసే హల్లర్ ఉండేది. తర్వాత ఎడమ చెవి మొదలుపెట్టింది. నన్ను పిలిచి పిలిచి మనుషులు భుజం తట్టడం నేర్చుకున్నారు. నాకు కోపం ఎక్కువైంది. వినబడనివాడికి అందరూ తన గురించే గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది.

మా అల్లుడికి కోదాడలో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నాతో గొంతు చించుకోలేక, సూర్యాపేటలోనే చెవి పరీక్ష చేసే చోటికి తీసుకెళ్లి ఎడమ చెవికి మిషన్ పెట్టించాడు. కుడిదానికి పెట్టినా లాభం లేదన్నారు. వారం తర్వాత మేము కోదాడ వెళ్లినప్పుడు, దుకాణంలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "మామయ్యా, ఇది ఫోనుకు కనెక్ట్ అవుతుంది, చూడండి" అని ఏదో నొక్కాడు. నా పెళ్లికి ముందు ఊరూరా మోగిన ఒక సినిమా పాట నేరుగా నా చెవిలో మొదలైంది.

ముందు తబలా. ఆ వెనక వయొలిన్లు. తర్వాత పాడే ఆమె ఊపిరి తీసుకోవడం, ఆ తర్వాత మాట. ఈ పాటను నేను వందసార్లు విని ఉంటాను, కానీ టీకొట్ల ముందు, బస్సుల్లో, పెళ్లి మైకుల్లో. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. రెండో చరణానికి ముందు వేణువు వస్తుందని నాకు గుర్తుంది, గుర్తున్నట్టే వచ్చింది. దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్ల ముందే నా కళ్ల నుంచి నీళ్లు కారాయి. మా అల్లుడు కంగారుపడి పాట ఆపేశాడు. "పెట్టు, పెట్టు" అని అతని చెయ్యి పట్టుకున్నాను.

అక్కడి నుంచి నేను మనిషిని కాను. పొద్దున పళ్లు తోముకుంటూ పాట, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ పాట, డాబా మీద బట్టలు ఆరేస్తూ పాట. ముప్పై ఏళ్లు దాటిన ఆకలి. పాత పాటలన్నీ వెతికి పెట్టించుకున్నాను. ఒక్కో వాయిద్యం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో పట్టుకుని కూర్చునేవాణ్ణి. మిల్లులో మిషన్లను అట్లాగే వినేవాణ్ణి కానీ, అక్కడ తప్పు కోసం వినేవాణ్ణి. తప్పు కోసం కాకుండా వినడం ఒకటుంటుందని నాకు ఇన్నేళ్లకు తెలిసింది. మా ఆవిడ నన్ను చూసి, "ముసలోనికి దసరా పండుగ" అనేది. అని, చీపురు తీసుకుని అవతలికి పోయేది.

ఒకసారి కోదాడలో అన్నం తింటూ మా అమ్మాయితో అన్నాను. "మీ అమ్మకు గూడ ఒకటి పెట్టియ్యాలె. పాటంటే ఏందో ఆమెకు తెల్వకుంటనే బతుకంత పోయింది."

మా అమ్మాయి ముద్ద నోటి దగ్గరే ఆపింది. "అమ్మకు తెలీదా? అమ్మ పాడేది కద నాయనా."

"ఎప్పుడు?"

"రోజూ. నువ్వు డ్యూటీకి పోంగనే."

చెవిలో మిషన్ సరిగ్గానే ఉంది. అయినా మళ్లీ చెప్పించుకున్నాను. నేను మిల్లు గేటు లోపలికి పోగానే వరుస ఇండ్ల ఆడవాళ్లు చేటలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్లట. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆమె చేత పాడించుకునేవాళ్లట. పుట్టింటివైపు నాట్లలో కూడా ఆమే పాట ఎత్తాలట, మిగతావాళ్లు వంత పాడాలట. ఆమె రాకపోతే నాట్లు సాగవని అనేవాళ్లట. "నువ్వు గేటు దాటి ఇటు వస్తున్నవంటే ఎవరో ఒకరు 'వస్తుండు' అనేటోళ్లు. అమ్మ ఆపేసేది. అందరూ లేచి పోయేటోళ్లు" అని, మా అమ్మాయి పప్పు వేసుకుంది. ఫిర్యాదు చేసినట్టు చెప్పలేదు. మిల్లుకు ఊక లారీ ఏ వారం వచ్చేదో చెప్పినట్టు చెప్పింది.

ముప్పై ఒక్క ఏళ్లు. రాళ్లు ఏరిన ప్రతి ఆడమనిషికీ తెలుసు, వాళ్ల చంటిపిల్లలకు తెలుసు, మా సేటు ఇంటి పనిమనిషికి తెలుసు. నేను ఒక్కణ్ణే. ఆ ఇంట్లో నేను విన్న నిశ్శబ్దం నేను మోసుకొచ్చి పెట్టిందే.

సూర్యాపేటకు తిరిగొచ్చాక ఆమెను అడిగాను. ఎట్లా అడగాలో తెలియక, టీ అడిగినట్టే అడిగాను. "ఒక పాట పాడరాదు."

ఆమె నా వైపు చూసింది. "అప్పుడు మూయమంటివి, ఇప్పుడు తెరువమంటున్నవు. నోరా, నీళ్ల నల్లానా?"

ఆ మాటకు నేను పడ్డాను, పడాల్సిందే. కానీ వదల్లేదు. నాలుగు రోజులు వెంట పడ్డాను, వారం వెంట పడ్డాను. సిగ్గు విడిచి బతిమాలాను. చివరికి ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నేను మిషన్ సౌండు పెంచుకున్నాను. ఆమె మళ్లీ ప్రయత్నించింది. ఊపిరి మాత్రం వచ్చింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నేను పాడనంటలేను. నువ్వు ఎదురుంగ కూసుంటే గొంతుల నుంచి బయటికి వస్తలేదు" అంది. నాకంటే ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

"పోనీ మాటలన్న చెప్పు. పాడొద్దు, ఉత్తగ చెప్పు."

ఆమె ఒక మాట అన్నది, ఆగింది, తల అడ్డంగా ఊపింది. "మాటల్లెక్క చెప్పుమంటే యాదికి రాదు. పాడుతుంటేనే ఒకదాని ఎనక ఒకటి వస్తది." తలుపు వైపు చూపించి అన్నది, "నువ్వు జర బయటికి పో. నువ్వు లేవనుకొని పాడుత."

నేను బయటికి పోయాను. తలుపు దగ్గరికి వేసి, మెట్టు మీద నిలబడి, ఎడమ చెవిని తలుపుకు ఆనించాను. మిషన్ తలుపుకు తగిలి గీ అని కూసింది. వెనక్కి జరిగాను. ఆటో హారన్ వినబడింది, పక్కింటి మిక్సీ వినబడింది, నా ఊపిరి వినబడింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చెమట తుడుచుకుంటూ ఆమె నిలబడి ఉంది.

"ఇనవడ్డదా?"

"లేదు."

"రెండు పాడిన" అంది. ఇద్దరం అట్లాగే గుమ్మానికి అటు ఒకరం ఇటు ఒకరం నిలబడ్డాం. లోపలుంటే ఆమెకు రాదు, బయటుంటే నాకు అందదు. ఇంత చిన్న ఇంట్లో ఇంకో చోటు లేదు.

దారి మా అమ్మాయే చెప్పింది. అమ్మను కోదాడకు పంపు, ఫోన్లో రికార్డు చేసి పంపిస్తాను అంది. ఇంత తేలికైన సంగతి నాకు తట్టలేదని నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. మా ఆవిడ బస్సెక్కే ముందు, "ఏది పాడాలె?" అని అడిగింది. "నీ ఇష్టం. నీకు బాగ నచ్చింది పాడు" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి బస్సెక్కింది.

మర్నాడు రికార్డు వచ్చింది. తలుపు గడియ పెట్టుకుని కూర్చుని పెట్టుకున్నాను. ఆమె గొంతే, అది తెలుస్తున్నది. ఊపిరి తీసుకోవడం తెలుస్తున్నది. కానీ పాట లేదు. ఇసుకను రేకు మీద పోసినట్టు బరబర, మధ్యలో ఎక్కడో ఒక మాట తునక, మళ్లీ బరబర. రాగం పైకి పోతున్నదో కిందికి దిగుతున్నదో అంతుపట్టలేదు. రికార్డు పాడైందేమోనని పాత సినిమా పాట పెట్టాను. అది గంట కొట్టినట్టు వినబడింది. మళ్లీ ఆమెది పెట్టాను. బరబర. ఆ రోజు ఇరవై ముప్పై సార్లు విని ఉంటాను.

రెండు రోజుల తర్వాత ఆమె వచ్చింది. సంచీ కింద పెట్టకముందే, "ఇన్నవా?" అంది.

"ఇన్న. మస్తుగుంది" అన్నాను. ఇంకేం అనాలి? అంత దూరం పోయి, అన్నేళ్లకు నా కోసం పాడి వచ్చిన మనిషితో ఇసుక కథ చెప్పాలా?

ఆమె నన్ను కొద్దిసేపు వింతగా చూసింది. "మస్తుగుందా?" అని మళ్లీ అడిగింది. ఊఁ అన్నాను. సంచీ తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ చూపు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మా అమ్మాయికి మెసేజ్ పెట్టాను, మాటలు సరిగ్గా తెలియలేదు, రాసి పంపు, అమ్మకు చెప్పకు అని. సాయంత్రానికి రాసి పంపింది.

ఇనుముకు నొప్పైతె ఇంటవు సామి
ఇంటికి నొప్పైతె ఇనవేమి సామి
మరకు నూనెబోసి మల్లొస్తవు సామి
మనిషితో ఒక మాటాడవేమి సామి
మందల గొర్రె గొంతు మా అయ్య ఎరుకపట్టు
మనువాడిన గొంతు నువ్వెరుగవు సామి

ఇంకా ఉంది. కింద మా అమ్మాయి రాసింది: ఇది అమ్మ సొంతంగా కట్టింది నాయనా, లైను ఇండ్లల్ల అందరికీ ఇదే ఇష్టం.

నేను దాన్ని మూడోసారి చదువుతుండగా ఆమె వచ్చి టీ గ్లాసు పక్కన పెట్టి పోయింది. నా బతుకంతా ఆమె నా ముఖం మీద చెప్పలేనిది పాట కట్టి, ఊరందరికీ పాడి, చివరికి ధైర్యం చేసి నాకే పంపితే, నేను మస్తుగుంది అన్నాను. దానికంటే నేను తిట్టినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చోవాలనిపించింది. కానీ వెళ్లి ఏమని చెప్పను? విన్నానంటే అబద్ధం. వినలేదంటే, నా కోసం పాడిన ఒక్క పాట కూడా గాలికి పోయినట్టు. టీ చల్లారిపోయింది.

మిషన్‌లో ఏదో లోపం ఉంటుందని ఆశతో చెవి పరీక్షకు పోయాను. మా ఆవిడ కూడా వచ్చింది, బయట బెంచీ మీద కూర్చుంది. లోపల పరీక్ష చేసే అమ్మాయి చాలాసేపు చప్పుళ్లు పెట్టి, నన్ను బటన్ నొక్కమని, కాగితం మీద గీతలు గీసింది. ఆ గీత పోయినసారి కంటే కిందికి దిగింది. నేను సినిమా పాట సంగతి, రికార్డు సంగతి చెప్పాను. ఒకటి వినబడి ఇంకొకటి వినబడకపోవడం ఏమిటని గట్టిగానే అడిగాను.

ఆ అమ్మాయి కాగితం మీద రాస్తూ, నాకు పెదాలు కనబడేలా నెమ్మదిగా చెప్పింది. "అంకుల్, ఆ పాత పాటలు మీరు వింటున్నది సగమే. మిగతా సగం మీకు గుర్తుంది. చెవి ఇవ్వనిది తల పూర్తి చేసుకుంటది. ఈ రికార్డులో పాట మీరు ముందు ఎప్పుడన్న విన్నారా?"

"లేదు" అన్నాను.

"అందుకే" అంది.

ఇక మిషన్ సౌండు పెంచడానికి జాగా లేదని, ఈ మిగిలింది కూడా ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేమని కూడా చెప్పింది. నాకు ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. చెవులు బాగున్న రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ అంట్లు తోమే పాటను ఊరికే పడుకుని విని ఉంటే, ఇవాళ అందులో సగమన్నా నా తలలో ఉండేది. ఇప్పుడు ఏ డాక్టరూ దాన్ని అందులో పెట్టలేడు.

బయటికి రాగానే మా ఆవిడ, "ఏమన్నది?" అంది.

"అట్లనే ఉందట" అన్నాను.

అక్కడి నుంచే కోదాడ బస్సెక్కాం, మా అమ్మాయి రమ్మంది. మా ఆవిడ నాకు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు హైవే ఎక్కింది. కిటికీ అద్దం మూసుకోదు, గాలి హోరు, ఇంజన్ రొద, ఎక్కడో ఒక రాడ్డు వదులై కొట్టుకుంటున్నది. ఆ చప్పుళ్లన్నిటినీ మిషన్ నా చెవిలోకి దించుతున్నది. చివ్వెంల వైపు దారి చీలే చోట ఆమె బయటికి చూస్తున్నది. నాకు పాట మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. రాగం ఒక్కటే లేదు. అయినా ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పాడతాననిపించి, నాకు తోచిన రాగంలో మొదలుపెట్టాను. ఇనుముకు నొప్పైతె ఇంటవు సామి, ఇంటికి నొప్పైతె ఇనవేమి సామి. నా గొంతు నాకే సరిగ్గా తెలియదు కాబట్టి ఎంత గట్టిగా అన్నానో ఏమో, ముందు సీట్లో తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె కూడా తిరిగింది. నా నోటి వైపే చూసింది. నేను రెండు పంక్తులూ మళ్లీ అన్నాను. మాటలు నాకు చేరాయని ఆమెకు అప్పుడు అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి వెంటే నవ్వూ వచ్చింది, ఆ నవ్వులో కొంచెం చిరాకు. నేను పాటను అంత ఖరాబు చేస్తున్నాను మరి.

"గట్ల కాదు" అంది. అది పెదవుల మీద చదివాను.

నా మోకాలి మీద చెయ్యి వేసి, తాళం కొడుతూ, ఆమె పాట ఎత్తింది. నా ఎదురుగా, నన్ను చూస్తూ. గొంతు పక్క నరం లేచింది, గడ్డం పైకి వచ్చింది, కళ్లు సగం మూతపడ్డాయి. నాకు గాలి వినబడింది. ఇంజన్ వినబడింది. రాడ్డు వినబడింది.

రెండు పంక్తులు అయ్యాక ఆపి, "ఇనవడ్తుందా?" అని అడిగింది.

లేదంటే ఆపేస్తుంది. ఆపితే మళ్లీ ఎత్తుతుందన్న నమ్మకం నాకు లేదు. తల ఊపాను.

ఆమె మళ్లీ ఎత్తుకుంది. మునగాల దాటినా ఆపలేదు. ముందు సీటు పెద్దమనిషి ఈసారి పూర్తిగా వెనక్కి తిరిగి, సీటు కడ్డీ మీద గడ్డం ఆనించి వింటున్నాడు. ఎక్కడ తల ఊపాలో నాకు తెలియదు. ఆయన ముఖం చూస్తూ, ఆయన ఊపినప్పుడల్లా నేనూ ఊపుతూ కోదాడ దాకా కూర్చున్నాను.